సఫ్రా

నిజ్వాల శుక్రవారం మేకల సంత లేచినంక
దుప్పట్ల సుట్టి తెచ్చిండు ముసబ్బహ్ తాత,
జ్వరమొచ్చిన పిల్లను దవాఖానకు తెచ్చినట్టు.
"మీట దిగుతది, మీదికి రాదు" అన్నడు.
ఖల్ఫాన్ సేటు చాయ్ గ్లాసు జరిపి
తుపాకిని నా దిక్కు తోసిండు.

సిరిసిల్లల పదకొండేండ్లు సాంచాలు నడిపినోణ్ని.
పట్టేసిన ఇనుము ఏ దేశందైనా
ఒక్క తీర్గనే మూలుగుతది.

గాసునూనె, పండ్లు తోమే బ్రష్షు, పాత బనీను.
మట్టి వోతుంటే పసుపు తేలింది.
అందరు ఇత్తడంటరు గని కంచు,
గోకితే ఎరుపు తిరుగుతది.
అమెరికోళ్లు దీన్ని పచ్చ పిలగాడు అన్నరట.
తాత మాత్రం సఫ్రా అంటడు, పచ్చటి పిల్ల.
సముద్రం దాటంగనే ఆడిదైంది.
అదేమనలే.

సేటు తాన లావు పుస్తకమొకటి ఉంటది, తుపాకులది.
ఆయన చదువుకుంట చెప్తడు, నేను మరలు ఇప్పుకుంట వింట.
పుట్టినప్పుడు దీనికి సాలు పేరు లేదు,
హెన్రీ తుపాకినే బాగు చేసినమని అమ్మిండ్రు.
ఏడేండ్లకు చెల్లె పుట్టింది,
డెబ్బై మూడని పేరు వెట్టిండ్రు,
అప్పుడు యాదికొచ్చి దీన్ని అరవై ఆరన్నరు.
చిన్నదానికి బారసాల అయినంక
పెద్దదానికి పేరు!

ముప్పై ఏండ్లకు పైన ఆగలే మిషన్లు.
లక్షా డెబ్బై వేలు.
అండ్ల యాభై వేలు తుర్కీ సర్కారే కొన్నదట.
ఈ ఒక్కటి ఎవని భుజం మీద
ఈ గుట్టలెక్కిందో పుస్తకంల లేదు.
"మా తాత మూడు ఒంటెలిచ్చి కొన్నడు" అన్నడు ముసబ్బహ్.
"పోయినేడు రెండే అంటివి" అన్నడు సేటు.
"ఒకటి కడుపుతోటి ఉండె."

లోపల మోకాలి తీరు కీలు.
మీట దించితే మోకాలు వంగుతది,
తూటా లేస్తది, మీట ఎత్తితే సాగుతది.
నాడెల కండె వెట్టినట్టే, అంతే.
వంగిన మోకాలి కింద ఇరికి ఉన్నది
ఖర్జూర గింజ.
తూటాలు దూర్చే పక్క తలుపుల నుంచి
ఏ మునిమనుమడో దూర్చిండు.
తాత దాన్ని ఏలు మీద వెట్టుకొని
చానసేపు చూసిండు. తిట్టలే.

విన్‌చెస్టర్ అంటే ఎవరని అడిగిన.
సేటు పేజీ తిప్పిండు:
చొక్కాలు కుట్టిచ్చి అమ్మిన షావుకారు.
నా చేతుల స్క్రూడ్రైవర్ ఆగింది.
గుండీల పైసలు తుపాకుల పెట్టిండట.
ఆ చొక్కాల గుడ్డ ఎవరు నేసిండ్రని అడుగుదామనుకున్న.
పుస్తకం తుపాకులది.

ఈ మోకాలు కట్టిన హెన్రీ
లొల్లి వెట్టుకొని బయటికి వోయిండు.
గొట్టం మీద షావుకారి పేరు,
పక్క తలుపు చేసినోని పేరు సుత గొట్టం మీదనే.
"మరి హెన్రీది?"
తాత నడుముకున్న సంచిల చెయ్యి వెట్టి
పాత తూటా గొట్టం తీసిండు, బొటనవేలంత లేదు.
మూతికి మైనం. లోపల సుర్మా,
ఆయన నాయనమ్మది.
తిప్పి అడుగు చూపిచ్చిండు.
కొట్టంగనే రాలిపోయే తావుల
ఒక్కటే అచ్చరం: హెచ్.

ఈ తూటాలిప్పుడు ఎవ్వరు చెయ్యరు.
తుపాకి ఉత్త కర్రతో సమానం,
సుర్మా మాత్రం ఇంక సగమున్నది.

నూనె చుక్క ఏసి మీట కొట్టిన.
ఖటక్, ఖట్.
నా ఎడమ చెయ్యి దానంతటదే
పక్క సాంచా కోసం సాగింది.
పక్కన ఖల్ఫాన్ సేటు చాయ్ గ్లాసు,
ఒలికింది.

తాత ఒక రియాలు ఇచ్చి
గింజను, సుర్మాను సంచిల వేసుకొని
సఫ్రాను సుట్టుకొని వోయిండు.
సేటు పద్దు రాసిండు: సఫ్రా, మీట, ఒక రియాలు.
చేసినోడు అన్న కాడ గీత గీసి
మగ్రిబ్ నమాజుకు లేచిండు.

పెన్ను మూత తీసే ఉన్నది.
మా ఇంటి పేరు దూస.
గీత మీద తెలుగుల ఒక్క అచ్చరం రాసి
చాయ్ తుడుసుడు మొదలువెట్టిన.